కాలువగట్టు హేచరీలో నాటుకోడి గుడ్ల పొదుగు: ఒక సమీక్ష

గౌతమికీ వసిష్ఠకీ నడుమ ఉన్న మధ్య డెల్టా పల్లెల్లో, పెరటి కోళ్లు పెంచుకునేవాళ్ల దగ్గర గుడ్లు తీసుకుని, కూలికి పొదిగించి, పిల్లలను తిరిగి చేతికిచ్చే చిన్న హేచరీలు ఈ మధ్య కొన్ని వెలిశాయి. రావులపాలెం దాటి కాలువగట్టు వెంట కొంత దూరం లోపలికి వెళితే కనిపించే అలాంటి హేచరీ ఒకదానిలో నేను కొంతకాలంగా నాటుకోడి గుడ్లను, అప్పుడప్పుడు పందెంకోడి జాతి అయిన ఆసిల్ గుడ్లను పొదిగిస్తున్నాను. దాని సేవ ఎలా ఉందని అడిగేవాళ్లు సాధారణంగా ఒకే ప్రశ్న వేస్తారు: నూరు గుడ్లకు ఎన్ని పిల్లలు వస్తాయి? ఆ లెక్క అవసరమైనదే గాని, హేచరీని తూచడానికి అది ఒక్కటే చాలదని నా నిశ్చితాభిప్రాయం. డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం బోధించినంతకాలం కోడిపిండం పాఠాన్ని నేను ప్రత్యేకమైన ఇష్టంతో చెప్పాను. గుడ్డులోని 21 రోజుల్లో పిల్లకు కాళ్లు, రెక్కలు, ముక్కు ఏర్పడటంతోపాటు, బతికినంతకాలం దానిని రోగాల నుంచి కాపాడే కణాలు పుట్టి, తమ తమ చోట్లకు చేరి, ఏ కణం ఏ పని చేయాలో తేల్చుకుంటాయి. ఈ ఏర్పాటులో ముఖ్యమైన భాగం గుడ్డులోనూ ఆ తరవాతి కొద్ది వారాల్లోనూ జరిగిపోతుంది. అప్పుడు చెడితే తరవాత సరిదిద్దడానికి దాదాపు వీలుండదు. అందువల్ల అక్కడి వేడి, గాలి, శుభ్రత, టీకా ఆ కణాల పనికి ఎంతవరకు తోడ్పడుతున్నాయో చూసి హేచరీని అంచనా వేస్తాను. ఆ కొలతతో చూస్తే ఇది చాలా విషయాల్లో మెచ్చదగిన హేచరీ. ఒక విషయంలో మాత్రం తప్పనిసరిగా మారవలసిన హేచరీ.

గుడ్లు తీసుకునేటప్పుడే వీరి శ్రద్ధ కనిపిస్తుంది. గుడ్డు పెట్టి ఎన్నాళ్లయింది, గుడ్లను కడిగారా, తల్లికోళ్లకు టీకాలు వేయించారా అని అడిగి, సమాధానాలను రిజిస్టరులో రాసుకున్నాకనే గుడ్లను లోపలికి పంపుతారు. వారం దాటిన గుడ్లను, కడిగిన గుడ్లను మొహమాటం లేకుండా వెనక్కి ఇచ్చేస్తారు. కడిగినప్పుడు పెంకు మీద ఉండే పల్చని రక్షణ పొర పోయి, సన్నని రంధ్రాల గుండా సూక్ష్మజీవులు లోపలికి చొరబడతాయి కాబట్టి అది సరైన నిబంధనే. గుడ్డు వయసు విషయం మన ప్రాంతంలో మరింత ముఖ్యం. కోడి గుడ్డు పెట్టేసరికే అందులోని పిండంలో పదుల వేల కణాలు ఉంటాయి. గుడ్డు 20 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు చల్లబడితే ఆ కణాల విభజన ఆగి, పొదుగు మొదలయ్యేదాకా అలాగే నిలిచి ఉంటుంది. మే నెలలో మన డెల్టాలో రాత్రిపూట కూడా అంత చల్లదనం ఉండదు. పాకలో తవుడు గంపలో ఉంచిన గుడ్డులో పిండం సగం సగంగా పెరుగుతూ, ఆగుతూ, చివరికి పొదుగు మొదలయ్యేనాటికే నీరసించిపోతుంది. వీరు గుడ్లను చేరిన వెంటనే ఏసీ గదిలో 18 డిగ్రీల దగ్గర ఉంచి, ఒక పూట గడిచాక యంత్రంలోకి మారుస్తారు. వేసవిలో ఇంటి దగ్గర గుడ్లు పోగుచేసేవాళ్లు తడి ఇసుక మీద కుండ పెట్టి, అందులో దాచి, నాలుగైదు రోజుల్లోనే తీసుకువెళ్లడం మేలు.

లోపల రెండు రకాల యంత్రాలు ఉన్నాయి. మొదటి 18 రోజులు గుడ్లు సెట్టర్‌లో ఉంటాయి. అది వేడిని 37.5 డిగ్రీల దగ్గర నిలిపి, గంటకొకసారి ట్రేలను అటూ ఇటూ వంచుతుంది. చివరి 3 రోజులు వంచడం ఆపి, తేమ పెంచి, హేచర్‌లో ఉంచుతారు. వేడి, తేమల లెక్కను పూటపూటా పుస్తకంలో రాస్తారు. ఆ పుస్తకాన్ని అడిగినవాళ్లకు చూపిస్తారు. కరెంటు పోయినప్పుడు జనరేటర్ ఎంత వేగంగా అందుకుందో కూడా అందులో ఉంటుంది. తుఫాను రోజుల్లో రాసిన పేజీలను నేను ప్రత్యేకంగా తిరగేసి చూశాను. వేడి పెద్దగా కిందికి జారినట్టు ఎక్కడా కనబడలేదు. చివరి వారంలో పిండాలు తామే వేడి పుట్టిస్తాయి గనుక, అప్పుడు గాలి ఆడక వేడి పెరగడమే ఎక్కువ ప్రమాదం. ఈ సంగతి తెలిసి, 15వ రోజు నుంచి పెంకు మీద థర్మామీటరు ఆనించి చూసే హేచరీని మన వైపు నేను మరొకటి చూడలేదు.

ఈ వేడి పుస్తకానికి నేను ఇచ్చే విలువ ఎందుకో చెప్పాలంటే గుడ్డు లోపలికి వెళ్లాలి. పొదుగు మొదలైన రెండో రోజుకే పచ్చసొనను చుట్టుకుంటున్న పొరలో రక్తకణాలు చిన్నచిన్న గుంపులుగా పుడతాయి. ఈ తొలి కణాల్లో ఎక్కువ భాగం ఆక్సిజన్ మోసే ఎర్రకణాలు. వాటితోపాటు, చచ్చిన కణాలను, పనికిరాని పదార్థాన్ని మింగివేసే భక్షక కణాలు కూడా అక్కడే మొదటిసారి కనిపిస్తాయి. అయితే జీవితాంతం రక్తాన్నీ రోగనిరోధక కణాలనూ తయారుచేస్తూ పోయే మూలకణాల పుట్టిల్లు అది కాదు. అవి మూడో రోజు ప్రాంతంలో పిండం లోపలే, మహాధమని అడుగు గోడ నుంచి గుత్తులుగా విడివడి రక్తంలో కలుస్తాయి. ఈ తేడా తేలడానికి ఫ్రాన్సులో జరిగిన చక్కని ప్రయోగాలు కారణం. నికోల్ ల దువారాఁ అనే శాస్త్రవేత్త 1969లో, కౌజుపిట్ట కణాల కేంద్రకంలో డీఎన్‌ఏ ఒక ముద్దగా కనిపిస్తుందని, కోడి కణాల్లో అలా ఉండదని గమనించి, కౌజు కణజాలాన్ని కోడిపిండంలో అతికిస్తే ఏ కణం ఎవరిదో సూక్ష్మదర్శినిలో గుర్తుపట్టవచ్చని చూపారు. 1975లో ఫ్రాంస్వాజ్ డీటెర్లెన్ లియెవ్ర్ కోడి సొనసంచి మీద కౌజు పిండాన్ని అతికించి పెంచి, ఆ పిండంలో తరవాత స్థిరపడిన రక్తకణాలు కౌజువేనని నిరూపించారు. సొనసంచి నుంచి వచ్చిన కోడి కణాలు తొలి రోజుల అవసరం తీర్చి తప్పుకున్నాయి. తరగతి గదిలో ఈ ప్రయోగం చెప్పినప్పుడల్లా విద్యార్థుల ముఖాల్లో కనిపించిన ఆశ్చర్యాన్ని నేను మరిచిపోలేను.

ఏడో రోజున గుడ్లను చీకటి గదిలో లైటు మీద నిలిపి చూస్తారు. ముందే చెప్పుకుంటే గుడ్ల యజమానులను కూడా, చెప్పులు విడిచి చేతులు కడుక్కున్నాక, ఆ గదిలోకి రానిస్తారు. బతికిన గుడ్డులో నలువైపులకూ పాకిన రక్తనాళాలు, నడుమ కదిలే నల్లని చుక్క స్పష్టంగా తెలుస్తాయి. పిండం కట్టని గుడ్లను, మధ్యలో చనిపోయినవాటిని వేరుచేసి లెక్క చెబుతారు. ఇక్కడ నాకొక చిన్న అసంతృప్తి ఉంది. తీసేసిన గుడ్లను పగలగొట్టి చూసి, పిండం ఏ రోజున ఆగిందో చెప్పే పద్ధతి వీరికి లేదు. అది చెప్పగలిగితే తప్పు తల్లికోడి మేతలో ఉందో, గుడ్డు నిలవలో ఉందో, యంత్రంలో ఉందో రైతుకు తెలిసేది. ఆ పనికి ఖర్చేమీ కాదు, కాస్త ఓపిక, ఒక పళ్లెం ఉంటే చాలు.

కంటికి ఆ నల్లచుక్క తప్ప మరేమీ కనిపించని ఆ రోజుల్లోనే మూలకణాల సంతతి తమ తమ విద్యాలయాలకు ప్రయాణం కడుతుంది. గొంతు పక్కనున్న మడతల నుంచి తయారైన థైమస్ గ్రంథి కోడిలో మెడకు అటూ ఇటూ ఏడేసి తమ్మెలుగా బారుతీరి ఉంటుంది. దానిలోకి మూలకణాల సంతతి ఒక్కసారిగా కాకుండా మూడు దఫాలుగా, ఆరో రోజు దాటాక ఒకసారి, 12వ రోజు ప్రాంతంలో మరొకసారి, 18వ రోజు ప్రాంతంలో ఇంకొకసారి ప్రవేశిస్తుంది. లోపలికి వెళ్లిన కణాలు అక్కడ టి కణాలుగా మారతాయి. రోగకారకాన్ని గుర్తుపట్టే గ్రాహకం రకాన్ని బట్టి ఇవి మూడు తెగలుగా తేలతాయి. గామా డెల్టా గ్రాహకం ఉన్న కణాలు 12వ రోజుకు, ఆల్ఫా బీటా గ్రాహకాల్లో మొదటి రకం 15వ రోజుకు, రెండో రకం 18వ రోజుకు థైమస్‌లో కనిపిస్తాయి. మనుషుల రక్తంలో గామా డెల్టా కణాల వాటా చాలా తక్కువ. కోళ్లలో అవి చెప్పుకోదగినంత ఎక్కువ. సొంత శరీరం మీదనే దాడి చేసే స్వభావం ఉన్నవి, ఎందుకూ కొరగానివి థైమస్ లోపలే చనిపోతాయి. బయటికి వచ్చేవి కొద్ది భాగమే. ఈ వడపోతంతా హేచరీ వారు ట్రేలు వంచుతున్న రోజుల్లో, పెంకు చాటున సాగుతుంది.

అన్నిటికన్నా విశేషమైనది తోక కింద జరిగే పని. మలమూత్రాలకూ గుడ్డుకూ ఉమ్మడి దారిగా ఉండే అవస్కరం పైగోడ నుంచి అయిదో రోజు ప్రాంతంలో ఒక చిన్న మొగ్గ మొలుస్తుంది. అదే బర్సా. ఇటలీలోని పాదువాలో శరీరశాస్త్రం బోధించిన ఫాబ్రీషియస్ రాసిన దాని వర్ణన, ఆయన మరణానంతరం 1621లో అచ్చయింది. ఆ సంచి పని ఏమిటో ఆ తరవాత మూడు వందల ఏళ్లకు పైగా ఎవరికీ సరిగా అర్థం కాలేదు. అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ గ్లిక్ అనే పరిశోధకుడు బర్సా తీసేసిన కోళ్లను ఉంచుకున్నాడు. తిమొతీ చాంగ్ అనే సహచరుడు విద్యార్థులకు, రోగకారకాలను అడ్డుకునే ప్రోటీన్లయిన యాంటీబాడీల ప్రయోగం చూపడానికి ఆ కోళ్లనే వాడితే, వాటిలో యాంటీబాడీలు తయారుకాలేదు. ఆ సంగతి 1956లో ఒక కోళ్ల శాస్త్ర పత్రికలో వెలువడింది. 1965లో మాక్స్ కూపర్, రాబర్ట్ గుడ్ బృందం కోడిలో థైమస్ ఒక తెగ కణాలను, బర్సా మరొక తెగ కణాలను తయారుచేస్తాయని స్థాపించింది. యాంటీబాడీలను తయారుచేసే బి కణాల గురించి వైద్యం నేర్చుకున్న మొదటి పాఠాల్లో ఒకటి ఇలా కోడి నుంచి వచ్చింది.

ఎనిమిదో రోజుకూ 14వ రోజుకూ మధ్య బర్సాలోకి వచ్చిన కణాలు సుమారు 10,000 చిన్న కోశాల్లో సర్దుకుంటాయి; ఒక్కొక్క కోశంలో మొదలయ్యేవి కొద్ది కణాలే. మనుషుల్లో బి కణం తన యాంటీబాడీని తయారుచేసుకునేందుకు పనికివచ్చే జన్యుఖండాలు పదుల సంఖ్యలో ఉంటాయి; వాటిలోంచి ఏరుకుని అతికించుకుంటుంది. కోడికి ఆ సదుపాయం లేదు. దానికి పనిచేసే ఖండం ఒక్కటే; దాని వెనక, యాంటీబాడీలో ఉండే రెండు రకాల ప్రోటీన్ గొలుసుల్లో తేలిక గొలుసుకు 25, బరువు గొలుసుకు దాదాపు 80, సొంతంగా పనిచేయలేని పాత నకళ్లు ఉన్నాయి. ఒక కొత్త బట్ట మీద పాత చీరల ముక్కలు అక్కడక్కడ అతికి కుడితే ఏ బొంతకు ఆ బొంత వేరుగా తయారైనట్టు, బర్సాలోని కణం ఆ నకళ్ల ముక్కలను పనిచేసే ఖండంలోకి ఎత్తిరాసుకుంటూ ప్రతిసారీ ఒక కొత్త యాంటీబాడీని సిద్ధం చేస్తుంది. ఈ జన్యు మార్పిడిని 1987లో క్లోద్ ఆన్యెస్ రేనో, జాఁ క్లోద్ వేయ్ మరికొందరితో కలిసి వివరించారు. 15వ రోజు దాటాక మొదలయ్యే ఈ పని పిల్ల బయటికి వచ్చాక కూడా కొన్ని వారాలు సాగుతుంది. చివరి రోజుల నుంచి కణాలు బర్సా విడిచి ప్లీహానికీ పేగుకూ కంటి వెనకనున్న గ్రంథికీ తరలుతాయి. కోడి గుడ్డుకు వచ్చే వయసుకు బర్సా కుంచించుకుపోతుంది. మనలో ఎముక మజ్జ బతికినంతకాలం కొత్త బి కణాలను తయారుచేస్తూ ఉంటుంది. కోడి మాత్రం తన చిన్ననాట బర్సా ఇచ్చిన కణాల వంశంతోనే బతుకంతా నెట్టుకురావాలి.

ఇంత వివరంగా రాయడానికి కారణం గంబోరో వ్యాధి. అమెరికాలోని డెలవేర్‌లో గంబోరో అనే చోట బయటపడిన ఈ వ్యాధి గురించిన తొలి నివేదిక 1962లో వచ్చింది. దాని వైరస్ వెతుక్కుంటూ వెళ్లి బర్సాలో విభజన చెందుతున్న బి కణాలనే చంపుతుంది. మూడు వారాలు దాటిన పిల్లలకు సోకితే అవి ముడుచుకుని, తెల్లగా పారుకుని చనిపోతాయి గనుక రైతుకు తెలుస్తుంది. మొదటి రెండు మూడు వారాల్లో సోకితే చాలా సందర్భాల్లో పైకి ఏమీ కనబడదు, పిల్ల తిని తిరుగుతూనే ఉంటుంది, కాని బర్సా పాడైపోవడం వల్ల ఆ తరవాత వేసిన కొక్కెర తెగులు టీకా కూడా దానిలో సరిగా పట్టదు. టీకా వేసినా కోళ్లు చనిపోయాయని మన ఊళ్లలో మందును తిట్టుకునేవాళ్లను నేను చాలామందిని చూశాను. వారిలో కొందరి కోళ్లకు టీకాను అందుకునే కణాలే మిగిలి ఉండవు.

అందుకే తల్లికోళ్ల టీకా గురించి హేచరీ అడిగే ప్రశ్నను నేను ఈ సేవలోని అత్యుత్తమ అంశంగా లెక్కపెడుతున్నాను. టీకా పడిన పెట్ట తన రక్తంలోని యాంటీబాడీలను పచ్చసొనలోకి పంపుతుంది. 1893లోనే జర్మనీలో ఫెలిక్స్ క్లెంపెరర్ ధనుర్వాతం విషయంలో ఇది చూపాడు. పిండం ఆ యాంటీబాడీలను సొనసంచి గోడ గుండా, ముఖ్యంగా పొదుగు చివరి రోజుల్లో, తన రక్తంలోకి లాక్కుంటుంది. పిల్ల సొంత బి కణాలు ఇంకా పని నేర్చుకుంటున్న ఆ తొలి రోజుల్లో తల్లి ఇచ్చిన ఆ రక్షణే దానిని కాస్తుంది. రెండు మూడు వారాల్లో అది క్రమంగా కరిగిపోతుంది. చివరి రోజుల్లో యంత్రంలో వేడి మితిమీరితే పిల్లలు తొందరపడి బయటికి వస్తాయి, బొడ్డు సరిగా మూయదు, పచ్చసొన పూర్తిగా లోపలికి పోదు. అప్పుడు తల్లి పంపిన రక్షణలో కొంత అందకుండా పోవడమే కాక, ఆ బొడ్డు గుండానే సూక్ష్మజీవులు చేరతాయి. ఈ హేచరీ నుంచి తెచ్చుకున్న పిల్లల్లో బొడ్డు మానని పిల్ల అరుదు. పిల్లను తిరగేసి బొడ్డు చూపించి మరీ అప్పగిస్తారు. టీకా వేయని పెట్టల గుడ్లను కూడా తీసుకుంటారు గాని, వాటిని వేరే ట్రేలో ఉంచి, మరుసటి విడతకు టీకా వేయించి తీసుకురమ్మని చెబుతారు. ఈ నియమం వల్ల మా చుట్టుపక్కల కొందరు మొదటిసారిగా పశువైద్యశాలకు వెళ్లి పెరటి కోళ్లకు టీకా వేయించారు.

పిల్లలు బయటికి వచ్చిన రోజునే మెడ వెనక చర్మం కింద మారెక్స్ వ్యాధి టీకా వేస్తారు. హంగేరీ పశువైద్యుడు యోజెఫ్ మారెక్ 1907లో వర్ణించిన ఈ వ్యాధిలో కాళ్లూ రెక్కలూ చచ్చుబడతాయి, లోపలి అవయవాల్లో టి కణాలు కంతులుగా పెరుగుతాయి. దీని వైరస్ ఈకల మొదళ్ల నుంచి రాలే దుమ్ములో నెలల తరబడి నిలుస్తుంది గనుక, పిల్ల మన పెరట్లో అడుగుపెట్టేలోపే టీకా పడి ఉండాలి. 1970 ప్రాంతం నుంచి వాడుకలో ఉన్న టర్కీ కోడి హెర్పిస్ వైరస్ టీకానే వీరూ వాడుతున్నారు. అది వైరస్ సోకకుండా ఆపలేదు, కంతులు రాకుండా ఆపుతుంది. కలిపిన మందును ఐసు మీద ఉంచి గంటలోపు వాడేస్తారు. మిగిలినదాన్ని మన కళ్లముందే పారబోస్తారు. గతంలో మరొక చోట టీకా వేశామని చెప్పి ఇచ్చిన పిల్లలు నా పెరట్లో మూడో నెలలో ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కు చాపి పడిపోవడం చూసిన బాధ నాకు ఇంకా ఉంది. ఇక్కడి పిల్లల్లో ఆ లక్షణం నాకు ఇప్పటివరకు కనబడలేదు. పెద్ద కంపెనీల హేచరీలలో ఈ టీకాను 18వ రోజునే గుడ్డు లోపల వేసే పద్ధతి ఉంది. జగదేవ్ శర్మ, బర్మెస్టర్ 1982లో దానికి దారి చూపారు, 1992 నుంచి అమెరికాలో యంత్రాలు ఆ పని చేస్తున్నాయి. ఆనాటికే పిండంలో టీకాను గుర్తించగలిగినన్ని కణాలు సిద్ధమై ఉండటం వల్ల అది సాధ్యపడింది. అంత ఖరీదైన యంత్రాన్ని చిన్న హేచరీ నుంచి ఆశించడం న్యాయం కాదు. చేత్తో చేస్తున్న పనిని వీరు నిక్కచ్చిగా చేస్తున్నారు.

ఇక తప్పనిసరిగా మారవలసిన విషయం బాతు గుడ్లు. కోతలయ్యాక చేలల్లో బాతుల మందలను మేపుకునేవాళ్లు మన డెల్టాలో ఎక్కువ. వారి గుడ్లను కూడా ఈ హేచరీ తీసుకుని, కోడిగుడ్లున్న గదిలోనే మరొక యంత్రంలో పెడుతోంది. పిల్లలు బయటికి వచ్చే హేచర్ మాత్రం రెండింటికీ ఒక్కటే. బాతుగుడ్డుకు 28 రోజులు పడుతుంది, తేమ కూడా ఎక్కువ కావాలి. ఆ ఇబ్బంది ఒకటైతే, బురదలో పెట్టిన గుడ్డు పెంకు మీద సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులు వచ్చే అవకాశం మరొకటి. అంతకుమించి, బర్డ్ ఫ్లూ వైరస్ బాతుల్లో పైకి ఏ లక్షణమూ లేకుండా ఉండగలదు. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులోనూ పెరవలి మండలం కానూరులోనూ కోళ్లలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయిన సంగతి మనందరికీ తెలుసు. తల్లి యాంటీబాడీలు తప్ప మరే ఆసరా లేని పిల్లలు, పెంకు పగలగొట్టుకుని తొలి శ్వాస తీసుకునే చోటు హేచర్. అక్కడ ఎగిరే నూగు, ఎండిన పెంకుల పొడి ఒక మంద సూక్ష్మజీవులను మరొక మందకు చేర్చడానికి చాలు. ఈ మాట నేను నిర్వాహకుడితో వివరంగా మాట్లాడాను. "బాతుగుడ్లు వద్దంటే వేసవిలో యంత్రాలు ఖాళీగా ఉంటాయండీ మాస్టారూ" అన్నాడాయన. ఆయన ఇబ్బంది నిజమైనదే. అయినా కనీసం హేచర్‌ను వేరు చేయాలి, లేదా బాతు విడతకూ కోడి విడతకూ నడుమ కడిగి, పొగబెట్టి, ఖాళీగా ఉంచే రోజులు పాటించాలి. అది జరిగేదాకా, బాతుపిల్లలు దిగిన వారంలో కోడిపిల్లల విడత తీసుకోవద్దని తెలిసినవాళ్లందరికీ చెబుతున్నాను. తేదీలు అడిగితే దాచకుండా చెబుతారు.

పిల్లలను అప్పగించడంలో ఇంకొక లోపం ఉంది. తెల్లవారుజామున బయటికి వచ్చిన పిల్లలను కూడా విడత మొత్తం పూర్తయ్యాక, మరుసటి రోజు మధ్యాహ్నం గాని ఇవ్వరు. పచ్చసొన బలంతో అంతసేపు బతుకుతాయన్నది నిజమే. అయితే బర్సా అవస్కరంలోకి తెరుచుకుని ఉంటుంది. మేత, నీరు లోపలికి వెళ్లి, పేగులో మేలు చేసే సూక్ష్మజీవులు చేరడం మొదలైతేనే ఆ జాడలు బర్సాకు అందుతాయి, అక్కడి కణాల పెంపు వేగం పుంజుకుంటుంది. తొలి మేత ఆలస్యమైనకొద్దీ ఆ వేగం తగ్గుతుంది. కనీసం ట్రేలో తేమ ఉన్న నూక, గిన్నెలో నీళ్లు పెట్టి ఉంచితే ఈ లోపం చాలావరకు తీరుతుంది. పిల్లలను సర్దే అట్టపెట్టెలు మాత్రం మంచివి; గాలి రంధ్రాలు సరిపోయినన్ని ఉన్నాయి, అడుగున వేసే వరిపొట్టు పొడిగా, కొత్తదిగా ఉంటుంది. మన తీరంలో వానాకాలపు వరిపొట్టుకు బూజు పట్టడం, ఆ బూజుతో పిల్లల ఊపిరితిత్తులు చెడటం మామూలు కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

పెట్టెతోపాటు ఇచ్చే టీకాల కార్డు తెలుగులో, పెద్ద అక్షరాలతో ఉంది. ఏడో రోజున కొక్కెర తెగులు చుక్కల మందు, 14వ రోజున గంబోరో టీకా, నాలుగో వారంలో మళ్లీ చుక్కల మందు, ఎనిమిదో వారంలో సూది మందు అని ఉంటుంది. ఇక్కడ ఒక వివరం చేర్చి ఉంటే బాగుండేది: చుక్కను కంట్లోనే ఎందుకు వేయాలి అన్నది. కోడికి మనలాగా శోషరస గ్రంథులు లేవు. బర్సా నుంచి వచ్చిన బి కణాలు కంటి వెనకనున్న హార్డర్ గ్రంథిలో గుమికూడి ఉంటాయి, కంట్లో పడ్డ మందు నేరుగా వాటిని తాకుతుంది. నీళ్లలో కలిపి పోస్తే ఆ మేలు సగం పోతుంది. గంబోరో తేదీని గురించి కూడా కార్డు ఒకే మాట చెబుతోంది. టీకా వేయని పెట్టల పిల్లలకు తల్లి యాంటీబాడీల అడ్డు ఉండదు గనుక వాటికి ఇంకా ముందే వేయవలసి రావచ్చు. ఆ తేడాను హేచరీ దగ్గర రిజిస్టరు ఉంది కాబట్టి కార్డు మీద రాసి ఇవ్వడం వారికి కష్టం కాదు.

కూలి విషయానికి వస్తే, ఒక నాటు గుడ్డు సంతలో పలికే ధర కంటే కాస్త తక్కువగా గుడ్డుకు ఇంతని ముందే తీసుకుంటారు. పొదగని గుడ్డుకు తిరిగి ఇవ్వరు. మారెక్స్ టీకాకు పిల్లకు వేరే డబ్బు. టీకా వద్దనే హక్కు రైతుకు ఇచ్చారు గాని, ఆ కొద్ది డబ్బు మిగుల్చుకోవడం కోసం ఎవరూ వద్దనకూడదని నేను గట్టిగా చెబుతాను. సంక్రాంతి వెళ్లాక ఆసిల్ గుడ్ల తాకిడి ఎక్కువ, అప్పుడు పక్షం రోజుల ముందే ట్రే చెప్పుకోవాలి. గుడ్లు తీసుకోవడం వారంలో రెండు రోజులే. పిల్లలను తెచ్చుకునే రోజున ఇంటి దగ్గర బ్రూడర్ బల్బు ముందే వెలిగించి, వరిపొట్టు వెచ్చబడ్డాక పెట్టె తెరిచి, ఒక్కొక్క పిల్ల ముక్కును నీళ్లలో ముంచి వదలండి. ఎండాకాలమైతే చల్లపూట బయల్దేరండి.